మా వాడి ముచ్చట మా వాడే తేవాలె

పోయిన నెల ఒక సాయంత్రం మా జిరాక్స్ షాపుకు ఒక టీచరమ్మ వచ్చింది. పెన్‌డ్రైవ్ చేతికిచ్చి, అందులో ఉన్న బొమ్మలన్నీ కలర్ ప్రింటు తీసి లామినేషన్ చేయమంది. ఆమె తరగతిలో ఆటిజం ఉన్న బాబు ఒకడు కొత్తగా చేరాడట, వాడి కోసమట. మహబూబ్‌నగర్‌లో కలెక్టరేట్‌కు పోయే దారిలో షాపు పెట్టుకున్నవాడికి రోజంతా ఆధార్ కార్డులు, సదరం సర్టిఫికెట్లు, పట్టా పాసుబుక్కులే. బొమ్మలు తగలడం తక్కువ. తగిలితే నేను కాస్త నిదానంగా చూస్తాను. మాట సరిగ్గా రాని మా అబ్బాయి కోసం చేసినవి, మా ఇంట్లో అలాంటివి నూటికి పైనే ఉన్నాయి.

మొత్తం పన్నెండు. కూర్చో. చేతులు కట్టుకో. నోటి మీద వేలు. లైన్‌లో నిలబడు. ఆగు. చెప్పింది విను. అరవొద్దు. కొట్టొద్దు. ఉరకొద్దు. రాయి. తిను. ఇంటికి పో.

లామినేషన్ అయ్యాక కోయడంలో ఒక పని ఉంది. బొమ్మ అంచు మీద కోయకూడదు, చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఉత్త ప్లాస్టిక్ వదలాలి. లేకపోతే పిల్లలు నోట్లో పెట్టుకుని నమిలిన మూడో రోజుకే పొరలు విడిపోయి లోపల కాగితం నానిపోతుంది. 125 మైక్రాన్ పౌచ్ మూల సూదిలాగా ఉంటుంది, దాన్ని గుండ్రంగా కొట్టాలి. ఇవన్నీ మా వాడు నేర్పినవే. ఆమె కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేను ఒక్కొక్కటీ కోస్తున్నా. తొమ్మిదో కార్డో పదో కార్డో కోసేటప్పుడు కత్తెర ఆపాను. పన్నెండింటిలో ఆ పిల్లవాడు అనే మాట ఒక్కటీ లేదు. అన్నీ ఆ పిల్లవాడితో అనేవే.

మా వాడి కార్డుల ఫైలు కంప్యూటర్‌లోనే ఉంది. అందులోంచి ఒకటి తీసి పదమూడోది చేశాను. మా వాడి చెయ్యే, అన్నం కంచాన్ని అవతలికి నెడుతున్న ఫొటో. కింద "వద్దు" అని రాసి ఉంటుంది. ఆమె లెక్కపెట్టుకుని, "ఇది నేనియ్యలే గదన్నా?" అంది. "ఫ్రీ మేడం" అన్నాను. పర్సులో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడి చేతికి అది అందిందో లేదో నాకు తెలియదు. అడిగే చనువు లేదు. ఆ రాత్రి నుంచి ఇది రాయాలని ఉంది.

తల మీదుగా పోయిన డైరీ

మా వాడికి ఎనిమిదేళ్ళు. సర్కారు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి, వారంలో కొన్ని రోజులు భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సర్కారు నడిపేది. నోటి వెంట వచ్చే మాటలు పది, పన్నెండు. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో ఏడాది ఉన్నాడు, వాళ్ళే "వేరే స్కూల్ చూసుకోండి సార్" అన్నారు. పేరెందుకులెండి.

ఒకటో తరగతిలో ఉండగా ఒక ఆగస్టులో వాడు బడి గేటు దగ్గర అడుగు వేయనని మొరాయించడం మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులు. బండి దిగడు, దిగితే పడుకుంటాడు. అప్పటికి బడికీ మాకూ మధ్య ఒక డైరీ నడిచేది. టీచర్ మంచామె, రోజూ రెండు ముక్కలు రాసేది. ఆ ఎనిమిది రోజుల పేజీలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. "అన్నం బాగా తిన్నాడు." "ఈ రోజు గుడ్ బాయ్." "కొంచెం ఏడ్చాడు." మా ఆమె కింద రాసేది: "ఇంట్లో బాగనే ఉన్నడు మేడం, రాత్రి నిద్ర పోలేదు." పాపం ఎవరూ అబద్ధం రాయలేదు.

సంగతి చెప్పింది మా పక్కింటి పిల్ల. అదే బడిలో రెండో తరగతి అప్పుడు. వాకిట్లో కచ్చకాయలు ఆడుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "కొత్త గంట మోగితే చెవులు మూసుకుంటడు మామా, బెంచి కిందికి పోతడు" అంది. అంతకుముందు బడిలో రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టేవారు. ఎవరో దాత కరెంటు గంట ఇచ్చారు. అది వాడి తరగతి తలుపు మీదే బిగించారు.

అప్పుడు నాకు తట్టింది. ఆ డైరీ మా ఇద్దరికీ మధ్య నడిచింది, మా వాడి తల మీదుగా. వాడి వీపు మీద సంచిలో వాడే మోసుకెళ్ళాడు, వాడే మోసుకొచ్చాడు. అందులో ఏముందో వాడికి తెలియదు, అందులో ఒక్క ముక్క వాడిది కాదు. ఇప్పుడు డైరీ పోయి వాట్సాప్ వచ్చింది. టీచర్లు ఫొటోలు పెడుతున్నారు, సంతోషమే. కానీ ఆ ఫొటో మా ఆమె ఫోన్‌లోకి వస్తుంది, మా ఆమె చూసి ఒక దండం బొమ్మ పెడుతుంది, అయిపోతుంది. మిగతా పిల్లలు గేటు దాటకముందే "అమ్మా ఇయ్యాల ఏమైందో తెల్సా" అని మొదలుపెడతారు. మా వాడి ముచ్చట మాత్రం వాడికంటే ముందే ఇల్లు చేరుతుంది, వాడు లేకుండా.

నా వాదన ఇంతే. బొమ్మల కార్డులంటూ పెడితే, ముందు అవి వాడు తన ముచ్చట తానే తేవడానికి పనికిరావాలి. వాడిచేత పని చేయించడానికి పనికిరావడం ఆ తర్వాత.

ఇద్దరు తాతలు

ఈ బొమ్మల పద్ధతులకు ఇద్దరు తాతలున్నారని నేను అర్థం చేసుకున్నాను. ఒకటి అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షోప్లర్ వాళ్ళు పెంచిన టీచ్ కార్యక్రమం. 1972లో ఆ రాష్ట్రమంతా అమల్లోకి వచ్చింది. ముందు ఇది, తర్వాత అది, ఇంత పని అయితే అయిపోయినట్టు అని రోజు మొత్తాన్ని కంటికి కనబడేలా వరసగా పెట్టడం వాళ్ళ బలం. రెండోది 1985లో డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పెక్స్. అందులో పిల్లవాడు బొమ్మను వేలితో చూపించడు. తీసి ఎదుటి మనిషి చేతిలో పెడతాడు.

ఆ చేతిలో పెట్టడంలోనే ఉంది కిటుకంతా. మొదటి మెట్టులో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు ఎదురుగా బిస్కెట్ పట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు పిల్లవాడి వెనక కూర్చుని, వాడు బిస్కెట్ వైపు చెయ్యి చాచగానే ఆ చేతిని బొమ్మ మీదికి, అక్కణ్ణించి ఎదుటి మనిషి అరచేతిలోకి నడిపిస్తారు. "ఏం కావాలి?" అని అడగడం ఉండదు. అడిగితే పిల్లవాడు అడిగినప్పుడే చెప్పాలని నేర్చుకుంటాడట. మా ఇంట్లో వెనక కూర్చున్నది మా అమ్మ. అడగకుండా ఉండమంటే ఆమెకు ఎంత కష్టమైందో చెప్పలేను. "ఏం గావాలె నాయినా, బిస్కెటా, బిస్కెట్ గావాలెనా" అని అంటూనే ఉంది.

మన బడుల్లోకి, మన ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చింది మొదటి తాత ఆస్తి. అది కూడా సగమే. టీచ్ వాళ్ళ వరస పిల్లవాడికి నెమ్మది ఇవ్వడానికి, ఇప్పుడేం జరగబోతోందో ముందే చెప్పి భయం తీయడానికి. మన దగ్గర అది నోటి మీద వేలు కార్డు అయింది. గంట బొమ్మ మా వాడి బల్ల మీద పెట్టి, మోగే ముందు టీచర్ దాన్ని తిప్పి చూపించడం మొదలుపెట్టాక వాడు తనంతట తాను చెవులు మూసుకుని బెంచీ మీదే కూర్చోవడం నేర్చాడు. అందుకని వరస కార్డులు చెడ్డవని నేననను. అవి ఒక్కటే ఉంటే మాత్రం పిల్లవాడి ముందు మనం ఇంకో గంట వేలాడదీసినట్టే.

వద్దు, లేదు, కాదు

ఇంటర్నెట్ నుంచి దించుకున్న బొమ్మల్లో పసుపుపచ్చ బస్సులుంటాయి. బ్రెడ్డు ముక్కలుంటాయి. స్పెయిన్‌లో అరగాన్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అరసాక్ బొమ్మలు చాలా శుభ్రంగా ఉంటాయి, షాపులో అడిగినవాళ్ళకు అవే చూపిస్తాను. కానీ మా వాడి లోకంలో జొన్నరొట్టె ఉంది, పల్లె వెలుగు బస్సు ఉంది, బడి బోరింగు ఉంది. అందుకని ఫొటోలు తీశాను. ఫొటోలతో ఇంకో చిక్కు వచ్చింది. నీళ్ళ కార్డుకు మా ఇంటి నీలం గ్లాసు ఫొటో పెట్టాను. బడిలో ఆ కార్డు ఇస్తే టీచర్ స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. వాడు గ్లాసు విసిరికొట్టాడు. వాడు అడిగింది నీళ్ళు కాదు, ఆ గ్లాసు. తప్పు నాదే. తర్వాత కొళాయి కింద నీళ్ళు పడుతున్న ఫొటో పెట్టాను, గ్లాసు లేకుండా.

అసలు దెబ్బ "నో" దగ్గర తగిలింది. దించుకున్న బొమ్మల్లో ఎర్ర అడ్డగీతల కార్డు ఒకటి ఉంటుంది, ఇంగ్లీషులో నో. దాని కింద తెలుగులో ఏం రాయాలి? నేను ఆలోచించకుండా "వద్దు" అని రాశాను. ఆ ఒక్క పదం మాకు మూడు రోజుల గోస పెట్టింది.

రెండో తరగతికి వచ్చాక టీచర్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆఖరి గంటకు రెండు నిమిషాల ముందు వాడి ముందు ఒక అట్ట పెడుతుంది. దాని మీద చెప్పులకుండే వెల్క్రో పట్టీతో పది కార్డులు: గుడ్డు, ఊయల, పాట, వాన, గంట, బొమ్మ గీయడం, ఏడుపు, కిందపడటం, పక్కింటి పిల్ల ఫొటో, టీచర్ ఫొటో. వాడు ఒకటో రెండో పీకి సంచి ముందు జేబులో వేసుకోవాలి. ఇంటికొచ్చి వాళ్ళ అమ్మ చేతిలో పెట్టాలి. టీచర్ చెయ్యి వేయదు, ఏది తీస్తే అదే.

మొదటి పదిరోజులూ ఏది చేతికందితే అది తెచ్చాడు. ఒకరోజు గుడ్డు తెచ్చాడు. మా ఆమె సంబరపడిపోయి, "గుడ్డు తిన్నవా నాయినా!" అంది. వాడు కార్డు నేలకు కొట్టి ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ గుడ్డు. ఓహో గుడ్డు కావాలంటున్నాడని రాత్రికి ఉడకబెట్టింది. నెట్టేశాడు. మూడోరోజు మళ్ళీ అదే కార్డు, అదే ఏడుపు. మా ఆమె కూడా కూర్చుని ఏడ్చింది. నేను బడికి పోయి అడిగితే, ఆ వారం గుడ్లు రాలేదని చెప్పారు.

వాడు మూడు రోజులుగా తెచ్చిన ముచ్చట అది. గుడ్డు లేదు. "లేదు" అనే కార్డు నేను వాడికి ఇవ్వలేదు.

ఇంగ్లీషువాడికి ఒక్క నో చాలు. మనకు వద్దు వేరు, లేదు వేరు, కాదు వేరు, రాదు వేరు. మాటలొచ్చిన చిన్నపిల్లలు కూడా వీటిని కలపరు. అన్నం వద్దు అనే పిల్ల అన్నం లేదు అనదు. ఆ ఎర్ర అడ్డగీతలు ఈ నాలుగింటినీ ఒక మూటలో కట్టేశాయి. బడిలో వాడి స్టీలు కంచం ఖాళీగా ఉండగా ఫొటో తీసి "లేదు" చేశాను. నేను ఊహించుకున్నదే నిజమని నాకూ నమ్మకం లేదు. కానీ ఆ తర్వాత గుడ్డు పెట్టని రోజున రెండు కార్డులు కలిపి తెచ్చి వాళ్ళ అమ్మ చేతిలో పెట్టాడు. గుడ్డు, ఖాళీ కంచం. మా ఆమె నాకు షాపుకు ఫోన్ చేసింది. గుడ్డు పెట్టలేదన్న కబురుకు అంత సంతోషించిన ఇల్లు పాలమూరులో ఇంకోటి ఉండదు.

"రాదు"కి పలక మీద ఖాళీ గీతలు గీశాం, కొంచెం పనిచేస్తోంది. "కాదు" మాత్రం నావల్ల కాలేదు. అదేం బొమ్మ? వద్దుకు చెయ్యి ఉంది, లేదుకు కంచం ఉంది. కాదుకు ముందు ఎవరో ఒకరు ఒక మాట అనాలి, అది తప్పని చెప్పాలి. నిజానికి మా వాడికి అన్నింటికంటే అవసరమైనది అదే. "గుడ్డు తిన్నవా" అన్నప్పుడు వాడు కార్డు నేలకు కొట్టాడే, అదే వాడి "కాదు". దాన్నే మేము మొండితనం అనుకున్నాం.

"బొమ్మలిస్తే మాట యాడికెళ్ళి వస్తది?"

ఇది మా అమ్మ ప్రశ్న. ఊళ్ళో చుట్టాలందరి ప్రశ్నా ఇదే. చేతిలో కార్డు పెడితే పనైపోతుంటే ఇంక నోరెందుకు తెరుస్తాడు? నిజం చెప్పాలంటే మొదటి ఏడాది నాకూ ఇదే భయం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎన్ఐఈపీఐడీకి పరీక్షలకు పోయినప్పుడు నేను అక్కడ అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. ఎదుగుదల లోపాలున్నవాళ్ళలో నమ్మదగ్గ ఆధారాలున్న కేసులు 27 మిగిలాయి. బొమ్మలు, సైగలు, పరికరాలు వాడినందువల్ల మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి కొంత పెరిగింది, మిగతావాళ్ళకు ఎప్పటిలాగే ఉంది. పెరిగింది కూడా చాలామందిలో కొంచెమే. మా వాడు రెండో జట్టులో ఉన్నాడేమో. కార్డులు వచ్చి రెండేళ్ళు దాటినా మాటలు పది, పన్నెండే. కార్డులతో మాట వస్తుందని ఎవరైనా మీకు ఆశ పెడితే, నా లెక్క కూడా పక్కన రాసుకోండి.

అమ్మతో వాదించి లాభం లేదు. కానీ ఒకరోజు చూస్తే ఆమె తుండుగుడ్డ వాడి భుజం మీద వేసింది. వాడు లేచి స్నానాల గదికి నడిచాడు. ఇది ఎప్పటినుంచి అని అడిగితే, "ఎప్పటినుంచేంది, చిన్నప్పటి సంది గట్లనే" అంది. మా నాయన కండువా దులిపి వేసుకుంటే ఊరికి పోతున్నాడని మాకు తెలిసేది, నోరు విప్పేవాడు కాదు. మా అమ్మ ఇల్లంతా ఇలాంటివే. ఆమెకు కోపమల్లా ప్లాస్టిక్ మీదే.

అన్నట్టు, లామినేషన్ లేకపోయినా నడుస్తుంది. నా షాపులో ఏ4 కలర్ ప్రింటు 10 రూపాయలు, పౌచ్‌తో కలిపి 40 అవుతుంది, ఒక ఏ4లో తొమ్మిది కార్డులు వస్తాయి. అది కూడా ఎందుకనుకుంటే పాత పెళ్ళిపత్రికల అట్టలు, సెల్లోటేపు చాలు. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నాను.

నా మీద నాకే ఉన్న అనుమానాలు

మొదటిది. వాడికి నిజంగా ముచ్చట చెప్పాలని ఉందా, లేక మాకు వినాలని ఉందా? పెక్స్‌లో ఆరు మెట్లున్నాయి. కావాలి అని అడగడం మొదట్లోనే వస్తుంది. చూశాను, విన్నాను అని చెప్పడం ఆఖరి మెట్టు. అంటే ముచ్చట అన్నింటికంటే కష్టమైనది. నేను మూడో మెట్టు మీద ఉన్నవాడి సంచిలో ఆరో మెట్టు పెట్టాను. మా అన్న కొడుకుకు పద్నాలుగేళ్ళు, గలగలా మాట్లాడతాడు. బడిలో ఏమైందంటే "ఏం లే" అంటాడు. వాడికున్న ఆ హక్కు మా వాడికి ఎందుకు ఉండకూడదు? అందుకని ఇప్పుడు అట్ట మీద నుంచి ఏమీ తీయకుండా వచ్చినా అడగొద్దని మా ఆమెకు చెప్పాను. ఆమె అడుగుతూనే ఉంది.

రెండోది వద్దు కార్డు. ఇచ్చాక దాన్ని మన్నించాలి, లేకపోతే నాలుగు రోజుల్లో అది ఉత్త ప్లాస్టిక్ అవుతుంది. మన్నిస్తే? క్షౌరం దగ్గర సగంలో తీసి మంగలి చేతిలో పెట్టాడు. ఆయన చదివి, కత్తెర పక్కన పెట్టి, "వద్దంటుండు గద సార్" అని నా వైపు చూశాడు. రెండు రోజులు సగం తలతోనే తిరిగాడు. అది సరే. లెక్కల పీరియడ్‌లో రోజూ టీచర్ చేతిలో పెడితే? "అన్నిటికి వద్దంటే నేనేం చెప్పాలన్నా" అని ఆమె అడిగింది. "తర్వాత" అనే కార్డు ఒకటి కలిపాం, కొంత సర్దుకుంది, పూర్తిగా లేదు. మందు వేసేటప్పుడు వద్దు కార్డు పెడితే మేము కూడా మన్నించం. అప్పుడు వాడు మా ముఖాల్లోకి చూసే చూపు బాగుండదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడోది టీచర్ల సంగతి. ఒక్కామె, రెండు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ట్రైనింగులు, ఎలక్షన్ డ్యూటీలు. ఆఖరి గంట ముందు రెండు నిమిషాలు అడగడం మాకు తేలిక. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. 1995 చట్టంలోని ఏడింటిలో అది లేదు. మాట కష్టమైన పిల్లలకు వేరే సంభాషణ పద్ధతులను ప్రోత్సహించాలని 17వ సెక్షన్‌లో ఉంది. ప్రింటు తీసి షాపు గోడకు అంటించుకున్నాను కూడా. సెక్షన్ చూపించి ఆ రెండు నిమిషాలు తెచ్చుకోలేం. బతిమాలి తెచ్చుకున్నాం.

తెచ్చుకున్నది పోయింది కూడా. ఈ జూన్‌లో బడి తెరిచేసరికి ఆ టీచర్‌కు బదిలీ అయింది. కొత్తామె మంచిదే, కానీ అట్ట బీరువాలో ఉండిపోయింది. నెల రోజులు వాడు ఖాళీ జేబుతో వచ్చాడు. మూడో వారం నుంచి ఇంట్లో కూడా కార్డులు తీయడం మానేశాడు. 2007లో ఇంగ్లండులో ప్యాట్రీషియా హౌలిన్ బృందం 84 మంది పిల్లలతో చేసిన అధ్యయనం గురించి చదివినప్పుడు, నేను దాన్ని పక్కన పెట్టేశాను, నచ్చలేదు కాబట్టి. బడికొచ్చి టీచర్లకు పెక్స్ నేర్పినన్నాళ్ళూ పిల్లలు తమంతట తాము కార్డులిచ్చి అడగడం పెరిగింది. వాళ్ళ రాక ఆగాక అది నిలవలేదు. మాటలూ పెరగలేదు. జూన్ అయ్యాక దాన్ని మళ్ళీ తీసి చదివాను. ఈసారి నచ్చకపోవడానికి ఏమీ కనబడలేదు.

మళ్ళీ మొదలుపెట్టించింది నేను కాదు, టీచర్ కాదు. పక్కింటి పిల్ల ఒకరోజు తానే బీరువాలోంచి అట్ట తీసుకెళ్ళి మా వాడి ముందు పెట్టిందట. కొత్త టీచర్ ఇదేంటని అడిగితే, "ఇది వాని నోరు మేడం" అందట. టీచరే ఫోన్‌లో చెప్పింది నాకు.

ఖాళీ కంచం

ఆ పిల్ల తల్లిదండ్రులు మేస్త్రీ పనికి పుణె పోయారు. ఏటా పోయేవాళ్ళే, పిల్లను నానమ్మ దగ్గర వదిలి. ఈసారి నానమ్మకు బాగాలేక పిల్లను కూడా తీసుకుపోయారు. రాత్రి బస్సు. మా వాడు నిద్రపోతున్నాడు, లేపలేదు.

మర్నాడు సంచి జేబులో రెండు కార్డులు వచ్చాయి. ఆ పిల్ల ఫొటో. ఖాళీ కంచం.

ఆ కంచం కార్డు నేను గుడ్డు కోసం చేశాను. మనిషికి కూడా అది పనికొస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. మా ఆమె రెండూ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది, తర్వాత, "ఔ నాయినా, లేదు" అంది. ఈసారి కార్డులు నేలకు కొట్టలేదు.

తొమ్మిది రోజులుగా అవే రెండు తెస్తున్నాడు. ఉగాదికి వస్తామని వాళ్ళు ఫోన్‌లో చెప్పారు. నిన్న షాపులో ఆ పిల్ల ఫొటోను చిన్నగా ప్రింటు తీసి, క్యాలెండర్‌లో ఉగాది గడిలో అంటించాను. పొద్దున వాడు దాన్ని గోరుతో గీకి ఊడదీశాడు. తీసుకెళ్ళి ఈ రోజు గడిలో పెట్టి, అంటుకోకపోతే వేలితో అదిమి పట్టుకుని నిలబడ్డాడు.